స్టార్ ట్రెక్ ఫేజర్‌ను సొంతంగా చేసుకోవడం: అట్టముక్క నుంచి ఆఖరి కోటింగ్ దాకా

బెంగళూరులో స్టార్ ట్రెక్ పిచ్చి ఉన్న తెలుగువాళ్లం నలుగురం కలిస్తే మాటలు తిరిగి తిరిగి ఫేజర్ దగ్గరికే వస్తాయి, అంటే ఆ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో పాత్రలు చేత్తో పట్టుకునే కిరణాల ఆయుధం దగ్గరికి. ఏ సీజన్‌లోది బాగుంటుంది, పిడి ఎంత వంగాలి, బటన్ ఎక్కడ ఉండాలి అని గంటలు గడిచిపోతాయి. నేను చేసిన ఫేజర్ చేతిలోకి తీసుకున్నాక అందరూ అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, ఎలా చేశావు? మొదటి నుంచీ చెప్పు." ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. వరుస తప్పకుండా అంతా ఒకచోట రాయడం మేలనిపించింది.

ఇక్కడ చెప్పేది 1987 నుంచి 1994 దాకా వచ్చిన 'ది నెక్స్ట్ జనరేషన్' సిరీస్‌లోని టైప్ 2 చేతి ఫేజర్ గురించి. త్రీడీ ప్రింట్ చేసిన ఒళ్లు, లోపల ఎల్‌ఈడీలు, మూడు ట్రిపుల్ ఏ బ్యాటరీలు. మొదటిసారి చేసేవాళ్లు నాలుగు శని, ఆదివారాలు పెట్టుకోండి. సొంత ప్రింటర్ అక్కర్లేదు.

ఫేజర్ చేతిలో ఇమడాల్సిన వస్తువు. తెర మీద నటుల బొటనవేలు బటన్ మీద అలవాటుగా వాలుతుంది కాబట్టే మనం దాన్ని నమ్ముతాం. అందుకని ముందు చేతికి కుదరాలి, ఆ తర్వాతే లైట్లు, అన్నిటికన్నా చివర రంగు. ఈ వరుస తిరగేసినవాళ్లు దాదాపు అందరూ మళ్లీ మొదటికొచ్చారు.

1. ఏ ఫేజరో ముందే తేల్చుకోండి

1966లో మొదలైన అసలు సిరీస్‌లోని ఫేజర్ చాలామందికి ఇష్టం. కానీ అందులో చిన్న టైప్ 1 ఫేజర్ విడిగా ఊడి వచ్చి, పిస్టల్ పిడి ఉన్న టైప్ 2లో మళ్లీ కూర్చోవాలి. ఆ బిగింపు కుదరడమే ఒక పెద్ద పని. మొదటి ప్రయత్నానికి వద్దంటాను.

నెక్స్ట్ జనరేషన్‌లో కూడా ఒకే ఆకారం లేదు. తర్వాతి సీజన్లలో కనిపించేదాన్ని అభిమానులు 'కోబ్రా హెడ్' అంటారు, ముందుభాగం పడగలా ఉంటుంది కాబట్టి. అంతకు ముందు, తొలి సీజన్లలో వచ్చినది 'డస్ట్‌బస్టర్', చేతిలో పట్టుకునే వాక్యూమ్ క్లీనర్‌లా ఉందని ఆ పేరు. ఈ రెండింటి ఫొటోలూ కలిపి చూసుకుంటూ చేస్తే తల ఒకదానిది, పిడి ఇంకొకదానిది అవుతుంది. ఈ గైడ్ డస్ట్‌బస్టర్ కోసం.

ఇంకో చిక్కుంది. షూటింగ్‌లో దగ్గరి షాట్లకు లైట్లు వెలిగే మంచి ప్రాప్‌లు వాడతారు, పరుగులకూ పడిపోయే సీన్లకూ రబ్బరుతో పోతపోసిన స్టంట్ ప్రాప్‌లు వాడతారు. స్టంట్ ప్రాప్ అంచులు మొద్దుగా ఉంటాయి. ఆ ఫొటో చూసి అంచులన్నీ అరగదీస్తే మీ ఫేజర్ సబ్బుముక్కలా తయారవుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సిన ఫొటోలు:

- పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి తీసినవి ఒక్కొక్కటి
- నటుల చేతిలో ఉండగా తీసినవి కనీసం రెండు
- అన్నీ ఒకే రకం ఫేజర్‌వి

బొమ్మల కంపెనీలు అమ్మిన ఫేజర్ల మీద స్కేలు పెట్టి కొలతలు తీసుకోకండి. అవి తరచు పిల్లల చేతులకు తగ్గట్టు ఉంటాయి. 1974లో ఏఎంటీ కంపెనీ తెచ్చిన పాత సిరీస్ కిట్‌లోని వస్తువులు కూడా అసలు సైజు కన్నా చిన్నవే.

2. అట్టముక్క పరీక్ష

ఈ గైడ్‌లో ఒక్క అంకమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

త్రీడీ మోడల్ ఫైల్ దొరికాక వెంటనే ప్రింట్‌కి ఇవ్వకండి. మోడల్ పక్క ఆకారాన్ని ఏ4 కాగితం మీద మూడు సైజుల్లో తీయించండి: 95, 100, 105 శాతం. ఆన్‌లైన్ ఆర్డర్లు వచ్చే అట్టపెట్టె ఒకటి కోసి, ఒక్కో ఆకారానికి మూడు నాలుగు పొరలు అతికించి పిడి మందం తెప్పించండి. ట్రిగర్ బటన్ ఉండాల్సిన చోట ఒక బియ్యపు గింజ అతికించండి.

ఇప్పుడు చెయ్యి కిందికి వదిలేసి, అట్ట ఫేజర్‌ను బెల్టు దగ్గర పట్టుకోండి. కళ్లు మూసుకుని పైకెత్తండి. బొటనవేలు బియ్యపు గింజ మీద దానంతట అదే పడాలి. వేలు చాచాల్సి వచ్చినా, పిడిలో చెయ్యి జరపాల్సి వచ్చినా ఆ సైజు మీది కాదు. పదిసార్లు ఎత్తి చూడండి, ఒక్కసారితో తేలదు.

నా అరచేతికి 100 శాతం సరిపోయింది. మా తమ్ముడిది కబడ్డీ ఆడే చెయ్యి, వాడికి 105 కావాల్సి వచ్చింది. అచ్చం తెర మీది కొలతే కావాలనే మిత్రులు దీనికి ఒప్పుకోరు. అరలో అలంకరణకు అయితే వాళ్ల మాటే సరైనది. వేసుకుని తిరిగేందుకైతే మీ చేతి మాటే వినండి.

సైజు మారిస్తే లోపలి రంధ్రాలు కూడా మారతాయని మరవకండి. 6 మిల్లీమీటర్ల స్విచ్ గుంట 105 శాతంలో 6.3 అవుతుంది, స్విచ్ లొడలొడలాడుతుంది. 95 శాతంలో 5.7 అవుతుంది, అసలు దూరదు. ఒళ్లు పెంచినా తగ్గించినా స్విచ్, బ్యాటరీ గుంటలను విడిగా సరిచేయండి, లేదా ప్రింట్ చేసేవాళ్లకు ముందే చెప్పండి.

ట్రిపుల్ ఏ బ్యాటరీ పొడవు 44.5, లావు 10.5 మిల్లీమీటర్లు. మూడూ పక్కపక్కన పెడితే పిడిలో పట్టవు. టార్చిలైట్లలో ఉండే గుండ్రటి హోల్డర్ వాడితే దాదాపు 24 మిల్లీమీటర్ల జాగా చాలు. అట్టముక్కను పట్టుకున్నప్పుడే పిడిలో ఆ జాగా ఉందో లేదో చూసుకోండి.

3. సామాను: ఎస్పీ రోడ్డుకు ఒక్కసారే వెళ్లేలా

ఎలక్ట్రానిక్స్ సరుకంతా ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం పొద్దున వెళ్లండి.

జేబులో ఒక సీఆర్ 2032 బటన్ సెల్ వేసుకెళ్లండి. అది 3 వోల్టులు ఇస్తుంది. ఎరుపు, ఆంబర్ (తేనె రంగు) ఎల్‌ఈడీల కాళ్ల మధ్య దాన్ని ఒక్క క్షణం పెడితే చాలు, షాపులోనే వెలుగు రంగు కళ్లారా చూసుకోవచ్చు. ఆంబర్ అని ఇచ్చినవి కొన్ని పసుపుగా వెలుగుతాయి. ఆ తేడా ఇంటికొచ్చాక తెలిస్తే మళ్లీ ట్రాఫిక్‌లో పడాలి.

"అన్నా, నూట యాభై ఓం, పావు వాట్, పది ఇవ్వండి."

"పది ఏం తీసుకుంటారు సార్, వంద ప్యాకెట్ తీసుకోండి."

పది చాలు. ఎల్‌ఈడీలు మాత్రం లెక్క కన్నా రెట్టింపు తీసుకోండి, సోల్డరింగ్‌లో ఒకటి రెండు పోతాయి.

ఎలక్ట్రానిక్స్:

- 3 మిల్లీమీటర్ల ఎరుపు ఎల్‌ఈడీలు 10, ముందుభాగానికి 5 మిల్లీమీటర్ల ఆంబర్ ఎల్‌ఈడీలు 2
- 150 ఓం, 330 ఓం రెసిస్టర్లు పదేసి
- పొడవు కాడ ఉన్న 6 మిల్లీమీటర్ల టాక్టైల్ స్విచ్‌లు (నొక్కితే టక్కుమనే చిన్న బటన్లు) 5
- చిన్న స్లైడ్ స్విచ్ 1, మూడు ట్రిపుల్ ఏ గుండ్రటి హోల్డర్ 1
- సన్నటి వైరు రెండు రంగుల్లో, హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే అతుకు మీద బిగుసుకునే గొట్టం), చిన్న పెర్ఫ్ బోర్డు (సోల్డరింగ్‌కు రంధ్రాలున్న బోర్డు)

హార్డ్‌వేర్, రంగులు:

- ఉప్పు కాగితం 120, 220, 400, 800 నంబర్లు రెండేసి
- ఎన్‌సీ పుట్టీ (గుంటలు పూడ్చే పేస్టు), ఎం-సీల్, అరల్డైట్, ఫెవిక్విక్
- గ్రే ప్రైమర్, బూడిద రంగు, మ్యాట్ క్లియర్ స్ప్రే డబ్బాలు
- 5 × 2 మిల్లీమీటర్ల అయస్కాంతాలు 6
- ఎన్95 మాస్కు, గ్లవ్స్

లోపలి ఎరుపు లైట్లు బయటికి కనిపించే కిటికీకి పాలరంగు అక్రిలిక్ ముక్క కావాలి. కొత్త షీటు కొనొద్దు. నేమ్‌బోర్డులు చేసే షాపులో అడిగితే తుక్కులోంచి అరచేయంత ముక్క ఇచ్చేస్తారు. పారదర్శక అక్రిలిక్ దొరికినా పర్వాలేదు, 400 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది వెనక బటర్ పేపర్ అతికిస్తే అదే పని చేస్తుంది.

4. ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు

బెంగళూరులో గ్రాముల లెక్కన త్రీడీ ప్రింట్ చేసిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. "బాగా చేయండి" అని వదిలేయకుండా ఈ వివరాలు రాసివ్వండి:

- పీఎల్ఏ ప్లాస్టిక్, లేయర్ 0.16 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా సన్నం
- గోడలు 4 వరుసలు, లోపలి నింపుడు 15 శాతం
- ఒళ్లు నిలువుగా రెండు చెక్కలు, చీలిన వైపు బెడ్ మీదికి
- పిడి అడుగున బ్యాటరీ తలుపు విడి ముక్క, చుట్టూ 0.3 మిల్లీమీటర్ల సందు
- బటన్లు విడి ముక్కలు, రెండు సెట్లు

గోడలు 4 వరుసలు ఎందుకంటే, రుద్దేటప్పుడు పైపొర అరిగి లోపలి జాలీ బయటపడకుండా. ఇది డబ్బు ఆదా చేసుకునే చోటు కాదు.

పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నా రెండో ఫేజర్‌ను ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో, డ్యాష్‌బోర్డు మీద వదిలేశాను. రెండు గంటల తర్వాత చూస్తే ముక్కు కిందికి వాలిపోయి ఉంది. వేడినీళ్లలో ముంచి సరిచేయబోతే అతుకు విడిపోయింది. కారులోనే ఎక్కువగా పెట్టేవాళ్లు పీఈటీజీ ప్లాస్టిక్ అడగండి, అది ఇంకో 20 డిగ్రీలు ఓర్చుకుంటుంది. రుద్దడం మాత్రం కష్టం.

5. అతికించే ముందు ఉత్తుత్తి బిగింపు

ముక్కలు చేతికొచ్చిన రోజే జిగురు తీయకండి. రెండు చెక్కలనూ మాస్కింగ్ టేపుతో కట్టి, స్విచ్‌లు, హోల్డరు, కిటికీ అన్నీ వాటి వాటి చోట్ల పెట్టి చూడండి.

సర్క్యూట్ మొత్తం ఒక సన్నటి పట్టీ మీద ఉండాలి. ఆ పట్టీ బ్యాటరీ తలుపులోంచి లోపలికి జారాలి, మళ్లీ బయటికి రావాలి. సర్క్యూట్‌ను లోపల పెట్టి ఒళ్లు అతికించేసినవాళ్లు ఒక వైరు ఊడగానే రంపం పట్టుకోవాల్సి వచ్చింది.

ఇదే దశలో చేయాల్సిన పనులు:

- రంధ్రాలన్నీ ఇప్పుడే వేయండి, రంగు తర్వాత డ్రిల్లు వద్దు
- కిటికీ చుట్టూ లోపలి గోడకు నల్ల రంగు రెండు కోట్లు వేయండి
- బరువు చూడండి, తేలిగ్గా అనిపిస్తే పిడిలో ఇనుప నట్లు ఎం-సీల్‌తో అతికించండి
- అయస్కాంతాలు అతికించే ముందు ఏ ముఖం దేన్ని లాగుతుందో మార్కర్‌తో గుర్తు పెట్టండి

నల్ల రంగు మాట తేలిగ్గా తీసుకోకండి. పీఎల్ఏ గోడలోంచి వెలుగు బయటికి కనిపిస్తుంది. చీకట్లో లైట్ల పట్టీ ఒక్కటే మెరవాల్సింది పోయి, తల మొత్తం లాంతరులా వెలుగుతుంది.

బరువు ఎంత ఉండాలన్నది మీ ఇష్టం. నాకు బ్యాటరీలతో కలిపి పావుకిలో దగ్గర బాగుంటుంది. అంతకు తగ్గితే బొమ్మ పట్టుకున్నట్టే ఉంటుంది.

6. అతుకు మాయం చేయడం

ఫేజర్‌ను చూసేవాళ్ల కళ్లు మొదట పడేది మధ్య అతుకు మీదే. ఇక్కడ ఓపిక పట్టాలి.

అరల్డైట్ అంచుల వెంబడి సన్నగా రాసి, చెక్కలు కలిపి, రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బయటికి పొంగిన జిగురును బ్లేడుతో గీకి, 120 నంబరుతో అతుకు వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే గుంట పడుతుంది.

తర్వాత ఎన్‌సీ పుట్టీ. వేలి చివరతో పలచగా రాయండి. మందంగా ఒకేసారి పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి, వారం తర్వాత కుంగుతుంది. మూడు పలచటి పూతలు, ఒక్కోదానికీ మధ్య బాగా ఆరనివ్వాలి. ఆ తర్వాత 220, దాని తర్వాత 400. 400 నుంచి నీళ్లు చల్లుకుంటూ రుద్దండి. పొడిగా గబగబా రుద్దితే పీఎల్ఏ వేడెక్కి నూగులా లేస్తుంది.

సరిగ్గా వచ్చిందా అన్నది పైన వెలిగే ట్యూబ్‌లైట్ కింద తెలియదు. గదిలో లైట్లార్పి, ఫోన్ టార్చిని ఫేజర్ పక్కన బల్లకు ఆనించి పెట్టండి. ఏటవాలు వెలుగులో ఒక్కో గుంటా, ఒక్కో గీతా సన్నటి నీడై కనిపిస్తుంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ చోట్లే మళ్లీ పుట్టీ వేయండి. తర్వాత కళ్లు మూసుకుని గోరుతో అతుకు మీద అడ్డంగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ పని మిగిలే ఉంది.

పీజీ గదుల్లో ఉండేవాళ్లకు ఒక మనవి. పొడి రుద్దుడు గదిలో పెట్టుకోకండి. ఆ పొడి పక్కవాళ్ల మంచం మీదా, మీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. మాస్కు పెట్టుకుని డాబా మీదికి వెళ్లండి, ఓనర్ ఆంటీకి ముందే ఒక మాట చెప్పి.

7. ప్రైమర్, రంగు

ప్రైమర్ డబ్బాను కనీసం రెండు నిమిషాలు బాగా ఊపండి. 25 సెంటీమీటర్ల దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, ఫేజర్ అంచుకు ముందే మొదలుపెట్టి రెండో అంచు దాటాకే ఆపండి. మొదటి కోటు సగం కప్పితే చాలు. డబ్బా మీద రాసిన విరామం పాటించి రెండోది, మూడోది వేయండి.

ప్రైమర్ ఆరాక మళ్లీ టార్చి పరీక్ష చేయండి. కొత్త గీతలు తప్పకుండా కనిపిస్తాయి, కంగారు పడకండి. పుట్టీ, 400, మళ్లీ ప్రైమర్. నాకు ఎప్పుడూ రెండు సార్లు పట్టింది.

వానాకాలంలో బెంగళూరు సాయంత్రాల్లో స్ప్రే చేయకండి. గాలిలో తేమ ఎక్కువైతే రంగు మీద తెల్లటి మంచు పొరలాంటిది కమ్ముతుంది. ఎండ వచ్చిన రోజు పదకొండు నుంచి మూడు మధ్య చేసుకోండి.

రంగు ఎంపిక మీద వాదనలు తెగవు. స్టూడియో లైటును బట్టి ఒకే ఫేజర్ ఒక సీన్లో నీలి బూడిదగా, ఇంకో సీన్లో వెండిగా కనిపిస్తుంది. మీరు ఎంచుకున్న ఒక్క ఫొటోనే నమ్ముకోండి. ప్రింట్‌లో మిగిలిన తుక్కు ముక్క మీద రంగు వేసి, పగటి వెలుగులో ఫొటో పక్కన పెట్టి చూశాకే ఒళ్లు మీదికి వెళ్లండి.

ఆఖర్న మ్యాట్ క్లియర్ రెండు పలచటి కోట్లు. రంగు వేసిన మర్నాడే క్లియర్ వేయండి, అదే రోజు వద్దు.

8. సర్క్యూట్

మూడు ట్రిపుల్ ఏలు కలిసి 4.5 వోల్టులు. ఎరుపు ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. మిగిలిన 2.5 వోల్టులను రెసిస్టర్ తీసుకుంటుంది. 150 ఓం వేస్తే ఒక్కో ఎల్‌ఈడీలో 17 మిల్లీఆంపుల దాకా కరెంటు పోతుంది. 330 ఓం వేస్తే 8కి కాస్త తక్కువ. వెలుగు కొంచెం తగ్గినా బ్యాటరీలు రెండింతలు వస్తాయి. పట్టీలోని ఎరుపు లైట్లకు 330, ముందుభాగం ఆంబర్‌కు 150 వాడండి.

150 మీద గీతలు గోధుమ, ఆకుపచ్చ, గోధుమ. 330 మీద నారింజ, నారింజ, గోధుమ.

వరుస:

1. హోల్డర్ ప్లస్ నుంచి స్లైడ్ స్విచ్‌కు.
2. స్విచ్ నుంచి ఐదు ఎరుపు ఎల్‌ఈడీలకు, ప్రతిదానికీ దాని సొంత 330 ఓం రెసిస్టర్.
3. అదే స్విచ్ నుంచి ట్రిగర్ బటన్‌కు, బటన్ నుంచి 150 ఓం, అక్కణ్నుంచి ఆంబర్ ఎల్‌ఈడీ.
4. ఎల్‌ఈడీల పొట్టి కాళ్లన్నీ కలిపి హోల్డర్ మైనస్‌కు.
5. ఒళ్లులో పెట్టకముందు గంటసేపు వెలిగించి ఉంచండి, ఏదీ వేడెక్కకూడదు.

ట్రిగర్ కాక ఇంకో రెండు చిన్న బటన్లు ఉంటాయి, కిరణం తీవ్రతకు ఒకటి, వెడల్పుకు ఒకటి. మొదటి ఫేజర్‌లో అవి నొక్కితే టక్కుమంటే చాలు, కనెక్షన్ ఇవ్వకండి. 1991లో వచ్చిన సిరీస్ టెక్నికల్ మాన్యువల్ ప్రకారం టైప్ 2కు 16 సెట్టింగులు. అవన్నీ లైట్లలో చూపించాలంటే చిన్న మైక్రోకంట్రోలర్ కావాలి. శబ్దం కోసం డీఎఫ్‌ప్లేయర్ మినీ (ఎంపీ3 శబ్దాలు వినిపించే చిన్న బోర్డు) కూడా కలిపినప్పుడు, ట్రిగర్ నొక్కగానే నా సర్క్యూట్ ఆరి మళ్లీ మొదలయ్యేది. శబ్దం వచ్చే క్షణంలో వోల్టేజి పడిపోవడమే కారణం. బోర్డు ప్లస్, మైనస్‌ల మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాక ఆగింది.

లేజర్ పాయింటర్ మాత్రం పెట్టకండి. ఎంతమంది అడిగినా నా జవాబు ఇదే. జనంలో ఎవరి కంటికి తగులుతుందో మన చేతిలో ఉండదు. తెర మీద కనిపించే ఆ కిరణం కూడా తర్వాత ఎఫెక్ట్స్‌లో కలిపినదే, ప్రాప్‌లోంచి వచ్చింది కాదు.

9. తేడా వస్తే

- ఒక ఎల్‌ఈడీ బాగా వెలిగి మిగతావి మసకగా ఉంటే, అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ వేశారన్నమాట. విడివిడిగా వేయండి.
- ఒకటి అసలు వెలగకపోతే కాళ్లు తిరగబడి ఉంటాయి. పొడుగు కాలు ప్లస్.
- బటన్ నొక్కితే లోపలే ఉండిపోతే, రంగు పేరుకుపోయింది. బటన్ అంచును 800తో రుద్దండి, రంధ్రాన్ని కాదు.
- రంగు నారింజ తొక్కలా గరుకుగా వస్తే డబ్బా దూరంగా పట్టారు. పూర్తిగా ఆరాక 800తో తడి రుద్దుడు, మళ్లీ పలచటి కోటు.
- రంగు కారితే ముట్టుకోకండి. రెండు రోజులు ఆగి 400తో చదును చేయండి.
- బ్యాటరీ తలుపు ఊడిపోతుంటే అయస్కాంతం మీద రంగు మందమైంది. బ్లేడుతో గీకండి.

10. బయటికి తీసుకెళ్లేటప్పుడు

వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ఎగ్జిబిషన్ ప్రాంగణంలో జరిగే కామిక్ కాన్‌కు వెళ్లేవాళ్లు ఆ ఏడాది ప్రాప్ నియమాలు ముందే చదువుకోండి. మెట్రో పర్పుల్ లైన్‌లో వెళ్తే స్టేషన్‌లో బ్యాగు స్కాన్ అవుతుంది. వైర్లు, బ్యాటరీలు, పిడి ఆకారం స్కానర్‌లో చూసేవాళ్లకు టెన్షన్ పెట్టేవే. బ్యాటరీలు తీసి విడి కవర్లో పెట్టండి. ఫేజర్‌ను పారదర్శక డబ్బాలో ఉంచి, బ్యాగు బెల్టు మీద పెట్టకముందే "ఇది సీరియల్ బొమ్మ, ప్లాస్టిక్" అని మీరే చెప్పండి. తయారీ దశ ఫొటోలు ఫోన్‌లో ఉంటే చూపించండి. వద్దంటే వాదించకండి, ఆటోలో వెళ్లండి.

విమానంలో క్యాబిన్ బ్యాగులో ఆయుధం ఆకారంలో ఉన్న బొమ్మ పెట్టొద్దు, చెక్‌ఇన్‌లో వేయండి. లిథియం సెల్ వాడి ఉంటే దాన్ని ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోవాలి, విడి లిథియం సెల్స్‌ను చెక్‌ఇన్‌లో వేయనివ్వరు.

రోడ్డు మీద, మెట్రోలో, మాల్‌లో ఎవరి వైపూ ఎత్తకండి. ఫొటోకు నిలబడినప్పుడు మణికట్టు తిన్నగా, మోచెయ్యి ఒంటికి దగ్గరగా, బొటనవేలు బటన్ మీద ఉండాలి. చూపుడు వేలును తుపాకీ పట్టినట్టు ముందుకు చాచకండి. ఈ ఫేజర్‌కు ఆ వేలితో పని లేదు, నాలుగు వేళ్లూ పిడి చుట్టూనే.

ఇంటికి వచ్చాక మొదటి పని బ్యాటరీలు తీసేయడం. అల్కలైన్ సెల్ కారితే హోల్డర్ స్ప్రింగులు తుప్పు పట్టి పోతాయి. ఫేజర్‌ను మెత్తటి కాటన్ గుడ్డలో చుట్టి, కిటికీ ఎండ తగలని అరలో, ముక్కు పైకి ఉండేలా నిలబెట్టండి.